మొక్కజొన్న గడ్డిమందు, మంచినీళ్ల చెరువు: ఒక డెల్టా ఊళ్లో మూడు రబీలు

2023 జనవరిలో తెనాలి దగ్గరి ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. పంట బోదె (చేలకు నీళ్లు పారే చిన్న కాలువ) గట్టు మీద పది సెంట్లలో ఆకుకూరలు వేసుకునే పిన్నిగారు చేశారు. "మేడంగారూ, తోటకూర అంచులు తెల్లబోతున్నాయి. యూరియా వేశాను, జింకు కొట్టాను, అయినా తిరగట్లేదు. ఒకసారి వచ్చి చూడండి" అన్నారు.

వెళ్లి చూశాను. పాలిపోతున్నవి ముదురాకులు. అంచుల దగ్గర మొదలై లోపలికి పాకుతోంది, ఈనెలు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి. లేత చిగురు బాగుంది. ఇనుము లోపమైతే ముందు చిగురు తెల్లబడుతుంది, తెగులైతే మచ్చలు కనిపిస్తాయి. అట్రజిన్ లాంటి కలుపు మందు వేళ్ల గుండా ఎక్కితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. నీళ్లతో పాటు పైకి పాకి ఆకు అంచుల్లో పేరుకుంటుంది, అక్కడ ఆకు ఆహారం తయారు చేసుకోవడం ఆగిపోతుంది. మొక్కజొన్న ఆ మందును విరిచేసుకోగలదు, తోటకూరకు ఆ శక్తి లేదు.

తోటకూర పోతే పోయింది, పిన్నిగారు మళ్లీ వేసుకుంటారు. నాకు భయం వేసింది బోదెను చూసి. ఆమె ఇంజను పెట్టి నీళ్లు తోడుకునే ఆ బోదె ఇంకో అర కిలోమీటరు వెళ్లి ఊరి మంచినీళ్ల చెరువులో పడుతుంది. ఎండాకాలమంతా ఊరు తాగే నీళ్లు అవే. ఇసుక ఫిల్టరు బెడ్లు దాటి, క్లోరిన్ కలిసి, ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కి కుళాయిల్లోకి వస్తాయి. ఈ మందును ఇసుక పెద్దగా పట్టి ఉంచలేదు, పటిక ఉంచలేదు, క్లోరిన్ పోగొట్టలేదు. కాచినా పోదు.

ఆ రోజు మొదలైన పని మూడు సీజన్లు సాగింది. ఏది ఫలించిందో, ఎక్కడ తప్పు చేశామో ఇక్కడ రాస్తున్నాను. ఇదే పని ఇంకో ఊళ్లో చేయబోయేవాళ్లకు మా తప్పులు కూడా పనికొస్తాయి.

మొక్కజొన్న ఇక్కడికి ఎలా వచ్చింది

కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి మాగాణుల్లో కోతల తర్వాత మినుము చల్లడం పాత అలవాటు. పల్లాకు తెగులు, బంగారు తీగ కలిసి మినుమును దెబ్బతీశాక రైతులు దున్నకుండా మొక్కజొన్న వేయడం మొదలుపెట్టారు. వరి కోసిన తడి నేలలో తాడు పట్టి, కర్రతో గుంట పొడిచి గింజ వేస్తారు. దుక్కి ఖర్చు ఉండదు, టైమ్ కలిసొస్తుంది, ఎకరాకు 35 నుంచి 40 క్వింటాళ్లు పండుతాయి. కౌలు రైతుకు ఇంత ఆదాయం ఇచ్చే రబీ పంట ఈ నేలల్లో వేరేది తక్కువ. అందుకే మొక్కజొన్న మానేయమని నేను ఒక్కరోజు కూడా చెప్పలేదు.

దున్నకపోతే కలుపూ చావదు, వరి దుబ్బులూ చావవు. కాబట్టి విత్తిన 48 గంటల్లోపు రెండు మందులు కలిపి కొడతారు. మొలిచి ఉన్న దుబ్బుల మీదికి పారాక్వాట్, మొలవబోయే కలుపు మీదికి అట్రజిన్. యాభై శాతం పొడి మందు బరువు నేలల్లో ఎకరాకు 1200 గ్రాములు, తేలిక నేలల్లో 800 గ్రాములు, 200 లీటర్ల నీళ్లలో కలపాలన్నది సిఫార్సు. ఊరంతా రెండు మూడు వారాల్లో విత్తుతుంది కాబట్టి మందంతా ఆ రెండు మూడు వారాల్లోనే నేల మీద పడుతుంది.

ఊళ్లో అందరికీ భయం ఉన్నది పారాక్వాట్ అంటే. ఆ భయంలో న్యాయం ఉంది. అది తాగితే విరుగుడు లేదు, ఈ జిల్లాలో దాని వల్ల మనుషులను పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో. కానీ నీళ్ల సంగతి వేరు. పారాక్వాట్ బంకమట్టిని తాకగానే దాన్ని గట్టిగా పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. అట్రజిన్ మట్టికి అంతగా అంటుకోదు, నీళ్లు ఎటు పోతే అటు పోతుంది. నేలలో వారాల నుంచి నెలల దాకా, నీళ్లలో అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒక రైతు నాతో, "షాపాయన ఇది మెత్తని మందే అన్నాడు మేడంగారూ, ఎర్ర త్రికోణం కూడా లేదుగా" అన్నాడు. షాపాయన అబద్ధం చెప్పలేదు. మన డబ్బాల మీద త్రికోణం రంగు చెప్పేది ఒక్కసారి ఒంట్లోకి పోతే ఎంత డోసుకు ప్రాణం పోతుందన్న లెక్క. హార్మోన్ల మీద ఏం చేస్తుందో ఆ రంగులో ఉండదు.

హార్మోన్ల మాట ఊళ్లో చెప్పడం

రాసే ముందు బాగా ఆలోచించిన భాగం ఇది. ఎక్కువ చెబితే జనం హడలిపోతారు, తక్కువ చెబితే పట్టించుకోరు.

హార్మోను శరీరం తనకు తాను పంపుకునే కబురు. చిటికెడు కాదు, చిటికెడులో కోటో వంతుతో పని జరుగుతుంది. ఆ కబురును మధ్యలో ఆపినా, దొంగ కబురు పంపినా ఆ రోజు మనిషికేమీ తెలియదు. చేప నీళ్ల మీద తేలదు, గేదె పడిపోదు. కడుపులో బిడ్డ అవయవాలు రూపుకట్టే వారాల్లో, పిల్లలు ఎదిగి పెద్దవాళ్లయ్యే వయసులో, చేపా కప్పా గుడ్డు నుంచి ఎదిగే రోజుల్లో ఆ జోక్యం జరిగితే దాని గుర్తు తర్వాత ఎప్పుడో బయటపడుతుంది. అందుకే ఈ మందుల విషయంలో ఎంత అన్న ప్రశ్నతో సమానంగా ఎప్పుడు అన్న ప్రశ్న అడగాలి. మా పని మొత్తం ఈ ఎప్పుడు అన్న మాట చుట్టూనే తిరిగింది.

అట్రజిన్ గురించి గట్టిగా తెలిసింది ఇది: ఆడ ఎలుకల్లో అండం విడుదలకు ముందు ఉప్పెనలా రావలసిన ఎల్‌హెచ్ హార్మోనును ఇది తగ్గిస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ కూడా దీన్ని ఒప్పుకుంది. కప్పల విషయంలో వాదన ఉంది. కాలిఫోర్నియా శాస్త్రవేత్త టైరోన్ హేస్ 2002లో, లీటరుకు 0.1 మైక్రోగ్రాము ఉన్నా మగ కప్పల్లో ఆడ లక్షణాలు వస్తున్నాయని ప్రచురించారు. 2010లో 2.5 మైక్రోగ్రాముల దగ్గర పెంచిన మగ కప్పల్లో పదింట ఒకటి పూర్తిగా ఆడదై గుడ్లు పెట్టిందని రాశారు. అమెరికా సంస్థ 2007లో, కప్పల జననాంగాల మీద ప్రభావం ఉన్నట్టు తేలలేదని అంది. యూరోపియన్ యూనియన్ మాత్రం ఈ వాదన తేలేదాకా ఆగలేదు. భూగర్భ జలాల్లో లీటరుకు 0.1 మైక్రోగ్రాము దాటుతోందన్న కారణంతోనే 2004లో అనుమతి నిలిపేసింది. మన దేశంలో 2020 మేలో 27 మందుల నిషేధానికి ముసాయిదా వస్తే అందులో అట్రజిన్ ఉంది. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి డైకోఫాల్, డినోకాప్, మెథోమిల్ పూర్తిగా పోయాయి, మోనోక్రోటోఫాస్‌లో ఒక రకం పోయింది, అట్రజిన్ మిగిలింది.

అంటే రైతు షాపులో కొంటున్నది చట్టప్రకారం అమ్మే మందు. అది కొన్నందుకు రైతును దోషిలా నిలబెట్టే హక్కు మనకు లేదు. ఊళ్లో మీటింగు పెట్టినప్పుడు నేను మొదట చెప్పిన మాట అదే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. డెల్టాలో కప్పలు గుడ్లు పెట్టేది ఎక్కువగా వానాకాలంలో, ఈ మందు కొట్టేది డిసెంబరు, జనవరి నెలల్లో. కాబట్టి ఇక్కడ కప్పల కంటే మనుషుల తాగునీటి గురించే నాకు దిగులు. కరీంనగర్, వరంగల్ వైపు ఖరీఫ్ మొక్కజొన్నకు జూన్, జూలైలో కొడతారు. తొలి వానలకు కుంటలు నిండి కప్పలు అరిచేది అప్పుడే. అక్కడ పనిచేసేవాళ్లు మా పద్ధతిని యథాతథంగా తీసుకోకుండా ముందు ఆ కుంటల దగ్గర మొదలుపెట్టాలి.

మొదటి తప్పు

తోటకూర చూసిన మూడో వారంలో నేను చెరువు నీళ్ల సాంపిల్ తీసి పరీక్షకు పంపాను. "కనుగొనబడలేదు" అని కాగితం వచ్చింది. ఆ కాగితం కాపీ ఒక ఆఫీసుకు చేరింది. ఇక సమస్య లేదుగా అన్నారు అక్కడ. ఆ ఒక్క కాగితం మమ్మల్ని నెలలు వెనక్కి లాగింది.

తప్పు నాది. మందు కొట్టిన హడావుడి అయిపోయాక, గేటు మూసి బోదె ఎండాక, చెరువులో పై గట్టు దగ్గర నీళ్లు ఒక్క సీసా తీశాను. ఈ మందు నీళ్లలో రోజూ ఒకేలా ఉండదు. కొట్టిన వారంలో, తొలి తడి పెట్టినప్పుడు, అకాల వాన పడినప్పుడు ఒక్కసారిగా వచ్చి పోతుంది. ఆ కెరటం పోయాక సీసా ముంచితే ఏం దొరుకుతుంది? పైగా ఆ రిపోర్టులో ఎంత కంటే తక్కువైతే తమ మిషను పట్టుకోలేదో రాయనే లేదు, నేను అడగనూ లేదు. ఇప్పుడు ఎవరు సాంపిల్ పంపుతానన్నా ముందు ఆ అంకె అడగమంటాను. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో అట్రజిన్ హద్దు లీటరుకు 2 మైక్రోగ్రాములు. మిషను పదికి దిగువ చూడలేకపోతే ఆ కాగితానికి అర్థం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 100, అమెరికాది 3, యూరప్‌ది 0.1. ఇన్ని తేడాలు ఉన్నాయంటేనే ఈ విషయం ఇంకా తేలలేదని అర్థం. మేం మాత్రం మన దేశపు రెండునే పట్టుకున్నాం.

సీసాకు బదులు మందు కొట్టే మనిషి వెంట నడవాలని అప్పుడు అనుకున్నాను.

ఒక ఉదయం, ఒక డ్రమ్ము

ఆ సీజన్‌లో ఆలస్యంగా విత్తిన ఒక కౌలు రైతు దగ్గరికి పొద్దున్నే వెళ్లాను. ఆయనకు ముందే చెప్పాను, తప్పులు పట్టడానికి రావట్లేదు, చూడటానికి వస్తున్నానని.

బోదె గట్టు మీద నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, పక్కన మందు కొట్టే తైవాన్ పంపు, పొడుగాటి పైపు. బోదెలో బకెట్ ముంచి డ్రమ్ము నింపారు. అదే బకెట్లో పొడి వేసి కర్రతో కలిపారు. తెల్లటి పొడి గాలికి లేచి గట్టు గడ్డి మీద పరుచుకుంది. కలిపింది డ్రమ్ములో పోసి, అడుగున మిగిలిన ముద్దను కడగడానికి బకెట్‌ను మళ్లీ బోదెలో ముంచారు. నీళ్ల మీద పాల చారలాగా ఒక తెల్లటి గీత సాగి, మెల్లగా చెరువు వైపు కదిలింది. నేను ఆ గీతనే చూస్తూ ఉండిపోయాను.

కొట్టడం అయ్యాక డ్రమ్ము అడుగున నాలుగైదు లీటర్లు మిగిలాయి. ఇది నీళ్లలో పూర్తిగా కరిగే మందు కాదు, తేలాడే పొడి. కలియబెట్టడం ఆపితే అడుక్కి దిగుతుంది. కాబట్టి ఆ చివరి లీటర్లు అన్నిటికంటే చిక్కన. డ్రమ్మును అక్కడే వంచేశారు. పంపును, పైపును, కాళ్లను, చేతులను బోదెలోనే కడుక్కున్నారు. పిన్నిగారి మడి అక్కడికి ఇరవై గజాలు.

ఆ రాత్రి లెక్క వేశాను. 1200 గ్రాముల యాభై శాతం పొడిలో అసలు మందు 600 గ్రాములు. 200 లీటర్లలో కలిపితే లీటరుకు 3 గ్రాములు, అంటే 30 లక్షల మైక్రోగ్రాములు. లీటరుకు 2 మైక్రోగ్రాముల హద్దు ప్రకారం, మిగిలిన మందు ఒక్క లీటరు 15 లక్షల లీటర్ల నీళ్లను హద్దు దాకా తీసుకెళ్లగలదు. రెండెకరాల చెరువు పదడుగుల లోతు ఉంటే అందులో పట్టేవి రెండున్నర కోట్ల లీటర్లు. అంటే వీపుకు తగిలించుకునే ఒక స్ప్రేయరు నిండా, పదహారు పదిహేడు లీటర్లు చాలు, చెరువు మొత్తాన్ని హద్దుకు తేవడానికి.

ఇది కాగితం మీద లెక్కే. దారిలో కొంత ఇంకుతుంది, కొంత విరిగిపోతుంది. కానీ ఆ బోదె గట్టు మీద అలాంటి డ్రమ్ములు రెండు మూడు వారాల్లో డజన్ల కొద్దీ వంగుతాయి. చేలో పడిన మందులో ఎంత కొట్టుకొస్తుందో రైతు చేతిలో లేదు. డ్రమ్ము ఎక్కడ వంచాలన్నది మాత్రం పూర్తిగా ఆయన చేతిలోనే ఉంది. మొత్తం ప్లాను ఇక్కడి నుంచే కట్టాను.

గడ్డి వరలు

మందు కలిపే చోటును బోదెకు దూరంగా జరపాలి, కడిగిన నీళ్లకు ఒక చోటు చూపాలి. స్వీడన్‌లో 1993లో మొదలైన ఒక పద్ధతి ఉంది. గడ్డి సగం, మట్టి పావు, పీట్ అనే కుళ్లిన నాచు పావు కలిపి గుంటలో నింపి, కడుగు నీళ్లు అందులో పోస్తారు. గడ్డిని తినే తెల్ల బూజులు, సూక్ష్మజీవులు ఆ మందును కూడా విరిచేస్తాయి. మనకు పీట్ లేదు. దాని బదులు బాగా మాగిన కంపోస్టు, కొబ్బరి పొట్టు వేశాం. వరిగడ్డికి డెల్టాలో కరువు లేదు, చేలోనే కాలబెడుతున్నారు కదా.

గుంట దగ్గరే చిక్కొచ్చింది. డెల్టాలో మూడడుగులు తవ్వితే నీళ్లూరతాయి. స్వీడన్ పుస్తకంలో ఉన్నట్టు గుంట తీస్తే మందును నేరుగా భూగర్భ జలానికి అప్పజెప్పినట్టే. ఊళ్లో మేస్త్రీ చెప్పాడు, "బావి వరలు దించుతాం కదండీ, అవే నేల మీద పెట్టి అడుగు సిమెంటు చేసేస్తే పోలా?" ఆ మాటే మమ్మల్ని ఒడ్డున పడేసింది. మిట్ట మీద మూడు చోట్ల వరలు నిలబెట్టి, అడుగు మూసి, గడ్డీ మట్టీ నింపాం. వాన నీళ్లు పడి పొంగకుండా పైన రేకు వేశాం. పక్కన సిమెంటు గచ్చు, దాని వాలు వరల్లోకి. గచ్చు మీద కుళాయి పెట్టించాక గానీ రైతులు రాలేదు. నీళ్లు లేని చోటికి డ్రమ్ము ఎవరు మోసుకొస్తారు? మొదటి నెల ఈ చిన్న విషయం తెలియక గచ్చులు ఖాళీగా పడి ఉన్నాయి.

దీంతో పాటు ఒక అలవాటు మార్చాం. మిగిలిన మందులో పది రెట్లు నీళ్లు పోసి మళ్లీ ఆ చేలోనే కొట్టేయాలి. వరల్లోకి వెళ్లేది కేవలం కడుగు నీళ్లు. మందు చిక్కగా పోస్తే అందులోని సూక్ష్మజీవులు తట్టుకోలేవు.

గట్టు వెంట గడ్డి పెంచితే మందు ఆగుతుందని చాలామంది చెబుతారు. నేనూ మొదట అదే రాసుకున్నాను. మట్టికి అంటుకుని కొట్టుకొచ్చే మందులకు గడ్డి పట్టీ బాగా పనిచేస్తుంది. అట్రజిన్ నీళ్లలోనే ఉంటుంది కాబట్టి గడ్డి మధ్యలోంచి చాలావరకు జారిపోతుంది. అంతకంటే తొలి తడికి చేను మడవ గట్టిగా కట్టేసి, ఒక్క చుక్క బయటికి పోకుండా చూడటం మేలు. ఖర్చు పార పట్టే మనిషి పావుగంట పని. చివరి భూముల రైతులు దీన్ని వెంటనే అందుకున్నారు. నీటి విలువ వాళ్లకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు.

చెరువు ఎప్పుడు నింపాలి

అన్నిటికంటే పెద్ద ఫలితం వస్తుందనుకున్నది దీని దగ్గరే, అన్నిటికంటే ఎక్కువ తిరిగిందీ దీనికే. మందు కొట్టే రెండు మూడు వారాలు, తొలి తడి అయ్యేదాకా చెరువు తూము మూసి ఉంచాలి. అంటే విత్తనాలకు ముందే, డిసెంబరు మొదట్లో చెరువును ముప్పాతిక దాకా నింపుకోవాలి. మిగతాది మార్చిలో, కాలువలు కట్టేసే ముందు నింపుకోవచ్చు.

చెప్పడానికి ఇంత తేలికే. కానీ తూము తాళం ఒకరి దగ్గర, కాలువ గేటు ఇంకొకరి దగ్గర, చెరువు పంచాయతీది, ఫిల్టరు బెడ్లు వేరే శాఖవి. ఒక ఆఫీసులో నన్ను నాలుగుసార్లు తిప్పి, చివరికి "రూల్ ప్రకారం షెడ్యూల్ మార్చలేం" అన్నారు. ఆ రోజు బస్సులో ఏడుపొచ్చింది. దారి చూపింది లస్కరు. పాతికేళ్లుగా ఆ గేటు తిప్పుతున్న మనిషి. "షెడ్యూల్ మార్చక్కర్లేదమ్మా. వరికి చివరి తడి వదిలినప్పుడు ఎలాగూ బోదెలో నీళ్లుంటాయి. అప్పుడు తూము తీసుకోండి, మందు రోజుల్లో మూసుకోండి. తూము మీదే కదా" అన్నాడు. పంచాయతీ తీర్మానం ఒక్కటి చాలింది.

మిచాంగ్

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది, కోసిన కుప్పలు మొలకెత్తాయి. రైతులు కంకులు ఏరుకుంటుంటే వాళ్ల ముందు గడ్డిమందు కాగితాలు పట్టుకుని నిలబడటానికి నాకు నోరు రాలేదు. రెండు వారాలు ఆ పని పక్కన పెట్టి, తడిసిన ధాన్యం కొనుగోలు కోసం వాళ్లతో తిరిగాం.

విత్తనాలు జనవరికి జరిగాయి. ఆ ఏడు కృష్ణలో నీళ్లూ తక్కువే. చెరువుకు నీళ్లొచ్చే రోజులూ, మందు కొట్టే రోజులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తూము మూస్తే ఎండాకాలం ఊరికి నీళ్లుండవు, తీస్తే మందు వస్తుంది. సర్పంచ్‌తో, లస్కరుతో కూర్చుని అప్పటికప్పుడు ఒక మాట అనుకున్నాం. చెరువుకు నీళ్లు వదిలే నాలుగు రోజులు బోదె వెంట ఎవరూ మందు కలపకూడదు. గుళ్లో మైకులో చెప్పించాం. మూడు రోజులు నిలబడింది. నాలుగో రోజు తెల్లవారుజామున ఇద్దరు కొట్టేశారు, నేల తడి ఆరిపోతోందని. వాళ్లను నేను తప్పుబట్టలేను. ఆ 48 గంటలు దాటితే కలుపు మొలిచి కూలి ఖర్చు మీద పడుతుంది. ప్లాను అన్నది మంచి సంవత్సరానికి రాసుకుంటే చాలదని ఆ ఏడు తెలిసింది. నీళ్లూ మందూ ఒకే వారంలో పడితే ఎవరు ముందు కొట్టుకోవాలి, ఎవరు ఆగాలి అన్న వరుస ఇప్పుడు నవంబరులోనే రాసి పెట్టుకుంటున్నాం. బోదె పక్క చేలకు ముందు వంతు, తూము ఆ తర్వాత.

రేవు దగ్గర

మగవాళ్ల మీటింగుల్లో డ్రమ్ము, పంపు, డోసు మాట్లాడుకున్నాం. మందు కొట్టొచ్చిన లుంగీ, చొక్కా ఎవరు ఉతుకుతున్నారన్న మాట రానే లేదు. ఆశా కార్యకర్త ఆ మాట ఎత్తింది. ఆమెతో కలిసి రేవు దగ్గరికి వెళితే ఒక కోడలు అయిదో నెల కడుపుతో ఆ బట్టలే ఉతుకుతోంది, ఇంటిల్లిపాది బట్టలతో కలిపి. విత్తనం గుంటల్లో వేసే ముఠాల్లో ఉన్నదీ ఆడవాళ్లే. ఈ మడిలో విత్తి పక్క మడిలోకి మారేసరికి వెనక మడిలో మందు పడుతుంది, గాలి ఇటే వీస్తుంది.

హార్మోన్ల మందులో ఎప్పుడు అన్నదే ముఖ్యమని చెప్పి, కడుపుతో ఉన్నవాళ్లను లెక్కలో పెట్టుకోకపోతే మేం చేసిందంతా సగమే. ముఠా మేస్త్రీలతో మాట్లాడి కడుపుతో ఉన్నవాళ్లకు ఆ మూడు వారాలు కోతల తర్వాతి వేరే పనులు చూపించాం. కూలి తగ్గకుండా చూస్తేనే ఇది నిలబడుతుంది. మందు బట్టలను కొట్టినవాళ్లే గచ్చు మీద జాడించి, విడిగా ఆరేయాలన్నాం. అందరూ చేయట్లేదు. కొందరు ఇప్పటికీ సిగ్గుపడుతున్నారు. కానీ ఆ కోడలి అత్తగారు మా ముందే కొడుకును పిలిచి, "రేపట్నించి నీ లుంగీ నువ్వే జాడించుకో" అన్నారు. ఆ ఒక్క మాట నా పది మీటింగుల పని చేసింది.

మందు తగ్గించడం

డోసు విషయం త్వరగా చెప్పేస్తాను. బిల్లు పుస్తకం చూస్తే కొందరు ఎకరాకు రెండు కిలోల దాకా వాడుతున్నారు. సిఫార్సుకు దింపడానికి తూకం ఉన్న చెంచాలు, కప్పులు ఇచ్చాం, చాలావరకు దిగారు. మొలిచాక కొట్టే టెంబోట్రయాన్‌కు కొందరు మారారు, కానీ ఖర్చు ఎక్కువ. దాని గురించి నేను పూర్తి భరోసా ఇవ్వను, ఒక మందు బదులు ఇంకో మందు పెట్టి పని అయిపోయిందనుకోవడం నాకు ఇష్టం లేదు. వరిగడ్డి చేలోనే పరిచి కలుపును అణిచిన ఇద్దరు రైతులకు అట్రజిన్ సగానికి తగ్గింది. ఈ ఏడు అలాంటి చేలు పెంచే ప్రయత్నంలో ఉన్నాం. పసుపు పంటలో తెగుళ్లకు కొట్టే మాంకోజెబ్ వాడకం మీద కూడా పని మొదలుపెట్టాలి. అది విరిగినప్పుడు వచ్చే ఈటీయూ అనే పదార్థం థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది, నీళ్లతో కదులుతుంది. యూరప్ 2020లో మాంకోజెబ్ అనుమతిని పొడిగించలేదు.

దోస గింజలు

ఫలితం ఎలా చూపిస్తావని నన్ను చాలామంది అడిగారు. నిజాయితీగా చెప్పాలంటే ఊళ్లో ఎవరి హార్మోన్ల మీదా ఏ తేడా వచ్చిందో నేను చూపించలేను. అది చూపించాలంటే వేరే స్థాయి పరిశోధన, ఎన్నో ఏళ్లు కావాలి. నేను చూపగలిగింది మందు వెళ్లే దారులు ఎన్ని మూసుకున్నాయన్నదే. 2024–25 రబీలో బోదె గట్టు మీద డ్రమ్ము వంచడం నా కంటపడలేదు. ఆ సీజన్‌లో తూము మందు రోజులంతా మూసే ఉంది.

ఊరు తనంతట తాను చూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టాం. రెండు కుండీల్లో ఒకే మట్టి, ఒకేలాంటి దోస గింజలు. ఒకదానికి బోదె నీళ్లు, ఇంకోదానికి ఇంటి దగ్గర తొట్టెలో పట్టిన వాన నీళ్లు. దోసకు అట్రజిన్ పడదు. రెండు వారాల్లో బీజదళాలు, తొలి ఆకు అంచులు పాలిపోతే బోదెలో మందు గట్టిగా వస్తోందని అర్థం. బాగుంటే నీళ్లు శుభ్రమని మాత్రం అర్థం కాదు, తక్కువ మోతాదును దోస పట్టుకోలేదు. ఈ రెండో మాటను పిల్లలతో అట్టముక్క మీద రాయించి కుండీలకే కట్టాం. "కనుగొనబడలేదు" అన్న కాగితం చేసిన చెరుపు నేను మరిచిపోలేదు.

చెరువు నీళ్ల అసలు పరీక్ష ఇంకా బాకీ ఉంది. ఈసారి తొలి తడి పెట్టిన మూడు రోజుల్లో, తూము దగ్గర, రోజుకొకటి చొప్పున సీసాలు తీయాలి. లీటరుకు 0.1 మైక్రోగ్రాము దాకా చూడగల ల్యాబుకే పంపాలి. ఫిల్టరు బెడ్లలో యాక్టివేటెడ్ కార్బన్ పొర వేస్తే ఈ మందును పట్టుకుంటుంది. దానికి పంచాయతీ డబ్బు కూడబెట్టాలా, శాఖ పెట్టాలా అన్నది తేలలేదు. మామూలు బొగ్గు పోసి సరిపెడదామన్న సలహాను నేనే ఆపాను, దానికి ఆ శక్తి లేదు.

వరల్లో గడ్డి కుళ్లి జానెడు దిగింది. నవంబరు ఆఖర్లో, కోతలు కాగానే పై వరకు నింపాలి. పిన్నిగారు తన కుప్పలోంచి రెండు మోపులు పక్కన పెట్టానని కబురు పంపారు.